గోపురం బొమ్మ ఎవరిది?

మూడేళ్ళ క్రితం మే నెలలో ఒక సాయంత్రం, నెల్లూరు బస్టాండులో కావలి బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, నా ముందున్న కుర్రవాడి టీషర్టు వీపు మీద నేను గీసిన బొమ్మ కనిపించింది. కథానాయకుడు భుజాన తువ్వాలుతో నిలబడి ఉంటాడు. అతని వెనక పెన్న, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం, ఆ పైన నా చేతిరాతలో అభిమానులు పెట్టుకున్న బిరుదు. నా బొమ్మేనని గుర్తుపట్టడానికి ఆలోచించవలసిన పని లేకపోయింది, ఎందుకంటే గోపుర శిఖరాన స్థలం చాలక ఒక కలశం తగ్గించి వేశాను. ఆ తప్పు కూడా చెక్కుచెదరకుండా టీషర్టు మీదికి వచ్చింది. ఎక్కడ కొన్నావని అడిగితే, సినిమా తీసిన సంస్థ తాలూకు ఆన్‌లైన్ దుకాణంలో ఆరువందలు పెట్టి తెప్పించుకున్నానని అతను గర్వంగా చెప్పాడు. బొమ్మ వేసింది నేనని చెప్పాలనిపించింది గానీ, చెబితే నమ్మేటట్టు ఆ క్షణాన నా దగ్గర ఏమీ లేదు. బస్సు వచ్చింది, ఎక్కాను.

నిజం చెప్పాలంటే కోవూరు దాటేదాకా నాకు సంతోషమే కలిగింది. అభిమాని వేసిన బొమ్మ ఆ కథానాయకుడి పేరున అచ్చయి ఊళ్ళు తిరుగుతుంటే అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. కోపం ఆ తర్వాత వచ్చింది, అది కూడా డబ్బు గురించి కాదు. బొమ్మ మూలన ఉండవలసిన నా పేరును ఎవరో పనిగట్టుకుని చెరిపి, అక్కడ నది నీళ్ళ రంగు పూశారు.

అంతకు నాలుగు నెలల ముందు ఆ సంస్థ అభిమానుల చిత్రాల పోటీ ఒకటి ప్రకటించింది. గెలిచినవారికి కథానాయకుడు సంతకం చేసిన పోస్టరు ఇస్తామన్నారు. నేను పగలు ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనరుగా జీతానికి పనిచేస్తూ, రాత్రిపూట ఇంట్లో సొంత కంప్యూటరు మీద వారం రోజులు కూర్చుని ఆ బొమ్మ పూర్తి చేశాను. పంపేటప్పుడు నిబంధనలు అంగీకరిస్తున్నానన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ నిబంధనలు ఇంగ్లీషులో పదకొండు పేజీలు ఉన్నాయని ఆ తర్వాత తెలిసింది. బహుమతి ఎవరికో వచ్చింది, నేను మరిచిపోయాను.

ఒంగోలులో వకీలుగా ఉన్న మా పెద్దమ్మ కొడుకు దగ్గరికి ఆ ఆదివారం వెళ్ళాను. అన్న నా గోడు విన్నాక, న్యాయం జరిగిందా లేదా అన్న మాట ఎత్తకుండా వరుసగా ప్రశ్నలు వేశాడు. ఆ ప్రశ్నలు మొదట నాకు విసుగు తెప్పించాయి గానీ, అభిమానులు గీసే బొమ్మలకూ రాసే కథలకూ కట్టే వీడియోలకూ యజమాని ఎవరన్న సంగతి మొత్తం ఆ ప్రశ్నల్లోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది కాబట్టి, అవి వచ్చిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న, ఎక్కడ కూర్చుని గీశావు అని. షాపులో, షాపు పని వేళల్లో, షాపు పనిలో భాగంగా గీసి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ బొమ్మకు మొదటి యజమాని మా షాపు ఓనరే అవుతాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ఉద్యోగి చేసిన పని విషయంలో ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పదకొండేళ్ళుగా నేను షాపులో చేసిన పెళ్ళి బ్యానర్లు, పుట్టినరోజు ఫ్లెక్సులు, వర్ధంతి కార్డులు ఏవీ నావి కావని నాకు ఆ రోజు తెలిసింది. ఇంట్లో, జీతానికి సంబంధం లేకుండా గీసినది కనుక ఈ ఒక్క బొమ్మ ఆ లెక్కలోకి రాదు.

రెండో ప్రశ్న, ఎవరైనా అడిగి డబ్బు ఇచ్చి వేయించుకున్నారా అని. ఇది చాలామంది అభిమానులకు తెలియని మెలిక. అదే 17వ సెక్షను ప్రకారం, ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి ఫొటో తీయించుకున్నా, చిత్రం గానీ రూపచిత్రం గానీ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే దానికి మొదటి యజమాని వేయించుకున్నవాడే. అభిమాన సంఘం అధ్యక్షుడు ఐదువందలు చేతిలో పెట్టి, హీరో పుట్టినరోజుకు మంచి బొమ్మ వెయ్యి అంటే, ఆ ఐదువందలతో పాటు బొమ్మ మీద హక్కు కూడా చేతులు మారిపోతుంది. ప్రేమతో ఉచితంగా వేసినవాడికి హక్కు మిగులుతుంది, చిల్లర తీసుకున్నవాడికి పోతుంది. అన్న ఈ మాట చెప్పినప్పుడు నాకు నవ్వు వచ్చింది, కానీ అంతకు ముందు ఏడు నేను వేసి ఇచ్చిన మూడు కామన్ డీపీలు (అభిమానులంతా ఒకేసారి పెట్టుకునే ప్రొఫైల్ బొమ్మలు) గుర్తుకు వచ్చి ఆ నవ్వు నిలవలేదు.

మూడో ప్రశ్న దగ్గర నేను తడబడ్డాను. హీరో ముఖం, ఆ నిలబడే తీరు, భుజం మీది తువ్వాలు, ఇవన్నీ ఎక్కడి నుంచి తెచ్చావు అని అడిగాడు. సంస్థ విడుదల చేసిన మొదటి పోస్టరును తెర మీద పక్కన పెట్టుకుని, గీతకు గీత చూసి వేశానని ఒప్పుకోక తప్పలేదు.

మా పనిలో ఉన్నవాళ్ళకు ఈ విషయం లేయర్ల లెక్కన చెబితే తేలికగా అర్థమవుతుంది. ఫోటోషాపులో ఒక ఫైలు తెరిస్తే కుడిపక్కన లేయర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపిస్తాయి. చూసేవాడికి ఒకే బొమ్మ, చేసినవాడికి మాత్రం పది ముక్కలు. అభిమాని చేసిన ప్రతి పనీ ఇలాంటిదే. నా బొమ్మలో అడుగున ఉన్న లేయరు సంస్థ వేయించిన పోస్టరు. ఒక చిత్రాన్ని ఏ రూపంలోనైనా మళ్ళీ తయారుచేసే హక్కు, దానిని మార్చి మరొకటి చేసే హక్కు 14వ సెక్షను ప్రకారం యజమానివే. రెండు కొలతల బొమ్మను మూడు కొలతల్లోకి తేవడం కూడా అందులో చేరుతుంది కాబట్టి, వినాయకచవితికి పోస్టరులోని వేషాన్ని ఉన్నదున్నట్టు దించి విగ్రహాలు పోయించేవారికి కూడా ఈ మాట తగులుతుంది. ఆ పైన కథానాయకుడి పేరు, రూపం మరొక లేయరు. అది కాపీరైట్ కాదు, మనిషి వ్యక్తిత్వానికి సంబంధించిన హక్కు. 2015లో మద్రాసు హైకోర్టు రజనీకాంత్ విషయంలో అనుమతి లేకుండా ఆయన పేరునూ రూపాన్నీ శైలినీ వాడుకోవడాన్ని అడ్డుకుంది. పెన్న, గోపురం, ఆకాశం, అక్షరాలు నేను ఊహించి నా చేత్తో గీసిన లేయర్లు.

పై లేయర్లు నావైనంత మాత్రాన కింది లేయరు యజమాని అనుమతి లేకుండా మొత్తం బొమ్మను అమ్ముకునే వీలు నాకు లేదు. కింది లేయరు వాళ్ళదైనంత మాత్రాన నా గోపురాన్ని టీషర్టు మీద అచ్చువేసుకునే హక్కు వాళ్ళకూ దానంతట అది రాదు. ఇద్దరి చేతులూ ఒకే తాళం మీద ఉన్నాయి, చెరొక తాళంచెవి. ఈ సంగతి నాకు నచ్చింది గానీ, అన్న అక్కడితో ఆపలేదు. అమెరికాలో అయితే నీకు ఆ రెండో తాళంచెవి కూడా ఉండేది కాదేమో అన్నాడు. అక్కడి చట్టం, ఇతరుల రచనను అనుమతి లేకుండా వాడుకున్న భాగం ఎంతవరకు వ్యాపించి ఉందో అంతవరకు కొత్త రచనకు రక్షణ ఇవ్వదు. రాకీ సినిమాల అభిమాని అయిన తిమొతీ ఆండర్సన్ మూడో భాగం చూశాక నాలుగో భాగానికి తనంతట తాను ఒక కథాసంగ్రహం రాసుకుని వెళ్ళాడు. తరువాత వచ్చిన నాలుగో భాగంలో తన కథను వాడుకున్నారని ఆ సినిమాల హీరో, రచయిత స్టాలన్ మీద దావా వేస్తే, 1989లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు, ఆ పాత్రలు యజమానివి కాబట్టి అనుమతి లేకుండా వాటితో రాసిన మొత్తం కథాసంగ్రహానికే కాపీరైట్ లేదని తేల్చింది. అంటే ఆండర్సన్ సొంతంగా ఊహించిన సన్నివేశాలకు కూడా ఆయన యజమాని కాలేకపోయాడు.

మన చట్టంలో బొమ్మల విషయంలోనూ కథల విషయంలోనూ అంత కఠినమైన వాక్యం కనిపించదు. సినిమాల విషయంలోనూ పాటల రికార్డింగుల విషయంలోనూ మాత్రం ఉంది. 13వ సెక్షను మూడో ఉపవిభాగం ప్రకారం, ఒక సినిమాలో గణనీయమైన భాగం మరొకరి హక్కుకు భంగం కలిగించేదైతే ఆ సినిమాకు కాపీరైట్ ఉండదు. ఒకరి సాహిత్యానికో సంగీతానికో ఉన్న హక్కును ఉల్లంఘించి చేసిన రికార్డింగుకు కూడా ఉండదు. చట్టం దృష్టిలో సినిమా అంటే థియేటరులో ఆడేది మాత్రమే కాదు, కదిలే దృశ్యాల రికార్డింగు ఏదైనా అందులో చేరుతుంది. మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలు సినిమా ముక్కలు కత్తిరించి, వేరే పాట కలిపి, అద్భుతమైన ఎడిట్లు చేస్తారు. ఒకరి ఎడిట్ మరొకరు ఎత్తుకుపోయారని పోట్లాడుకుంటారు. వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇద్దరిలో ఎవరికీ యాజమాన్యం లేని వస్తువు కోసం పోట్లాడుకుంటున్నారని చెప్పడానికి మాత్రం నోరు రాదు.

పాట పాడి పెట్టేవారి సంగతి కొంచెం వేరు, ఎందుకంటే కవర్ వెర్షన్లకు చట్టమే ఒక దారి ఏర్పరచింది. మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు గడిస్తే, 31సి సెక్షను కింద ముందుగా నోటీసు ఇచ్చి, సంవత్సరానికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే చెల్లించి, అది కవర్ వెర్షన్ అని స్పష్టంగా చెప్పి, అవసరమైన సాంకేతిక మార్పులకు మించి పాటను మార్చకుండా చేసుకోవచ్చు. కావలిలో గిటారు పట్టుకుని పాడే కుర్రవాడికి యాభై వేల ప్రతుల రాయల్టీ కట్టమని చెప్పే దారి ఎంత ఉపయోగపడుతుందో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఇక అభిమానులు ఎక్కువగా చెప్పుకునే మాట, మేము అమ్మడం లేదు కదా అన్నది. అది సగం మాత్రమే నిజం. 52వ సెక్షను సొంత వాడకానికి, చదువుకోవడానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. డబ్బు తీసుకోలేదన్న ఒక్క కారణంతో లోకానికంతా పంచిపెట్టడాన్ని అనుమతించదు. ఎగతాళికీ ఎదురు సమాధానానికీ చోటుంది. తోప్పిల్ భాసి మలయాళ నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ రాసిన ఎదురు నాటకం విషయంలో కేరళ హైకోర్టు 1996లో, ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, మూల నాటకానికి అది పోటీగా నిలుస్తుందా అన్న మూడు సంగతులు చూసి, అది విమర్శే తప్ప దొంగతనం కాదన్నది. ఇక ఊహను మాత్రం ఎవరూ కంచె వేసి కట్టుకోలేరు. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో, ఇతివృత్తానికీ ఆలోచనకూ కాపీరైట్ లేదని, దానిని చెప్పిన తీరుకే ఉందని చెప్పింది. నది ఒడ్డున నిలబడ్డ వీరుడు అన్న ఊహ ఎవరిదీ కాదు. ఆ వీరుడు ఫలానా పోస్టరులోని వాడైనప్పుడే చిక్కు.

శిక్ష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పిల్లలాటగా చూసేవాళ్ళు ఎక్కువ. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు కోర్టు తగిన కారణాలు చూపి శిక్ష తగ్గించవచ్చు. అయితే 2022లో సుప్రీంకోర్టు ఈ నేరం వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగినదని, బెయిలు హక్కుగా దొరకనిదని తేల్చింది. సంస్థలు సాధారణంగా అభిమానుల జోలికి రావు, వాళ్ళకు అది ఉచిత ప్రచారం కాబట్టి. కానీ ఊరుకోవడం అనుమతి ఇవ్వడం కాదు. ఎదుటివాడు ఊరుకున్నన్నాళ్ళే మన ధైర్యం.

అన్న వేసిన నాలుగో ప్రశ్న, ఆ పదకొండు పేజీల్లో ఏం రాసి ఉంది అని. ఫోనులో తెరిచి ఇచ్చాను. ఆరో పేజీలో, పంపిన చిత్రాలన్నీ పంపిన క్షణం నుంచి సంస్థ సొత్తు అవుతాయని, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఏ మాధ్యమంలోనైనా, ఏ చెల్లింపూ లేకుండా వాడుకోవచ్చని ఉంది. గెలిచినవి మాత్రమే కాదు, పంపినవన్నీ. అభిమానులు సంస్థ ఎక్కడ కేసు పెడుతుందో అని భయపడతారు గానీ, అసలు నష్టం ఆ దారిలో రాదు. మన లేయరును మనమే టిక్కు పెట్టి రాసిచ్చేస్తాం. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

అన్నకు అల్లూరు వైపు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి, లీజుకు ఇస్తాడు. హక్కు అమ్మడానికీ లైసెన్సు ఇవ్వడానికీ తేడా చెప్పడానికి ఆయన ఆ చెరువునే ఎత్తుకున్నాడు. చెరువు క్రయం రాసిస్తే ఇక నీకు గట్టు మీద నడిచే హక్కు కూడా ఉండదు; లీజుకు ఇస్తే చెరువు నీదే, ఎన్నాళ్ళకు, ఏ పంటకు, ఎంతకు అన్నది కాగితం మీద ఉంటుంది, లీజు ముగిస్తే తిరిగి నీ చేతికి వస్తుంది. లీజుదారు మరొకరికి ఉప లీజుకు ఇవ్వవచ్చా, అదే చెరువును నువ్వు ఇంకొకరికి కూడా ఇవ్వవచ్చా అన్న షరతులు కూడా అందులోనే. మనం వీడియోలు పెట్టే పెద్ద వేదికలు చాలావరకు రెండో రకం కాగితం రాయించుకుంటాయి. యూట్యూబు నిబంధనల్లో, మీ వీడియో మీదేనని ఒప్పుకుంటూనే, దానిని ప్రపంచమంతటా ఉచితంగా వాడుకునే, ఇతరులకు కూడా ఇచ్చే లైసెన్సు తీసుకుంటారు. అది మితిమీరినదిగా కనిపించినా, చెరువు మాత్రం మనదిగానే ఉంటుంది. పోటీల నిబంధనల్లో కనిపించే సొత్తు అన్న మాట మొదటి రకం కాగితం.

మన చట్టం ఈ కాగితాలకు కొన్ని హద్దులు పెట్టింది. 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్ళే; ప్రాంతం చెప్పకపోతే భారతదేశమే. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దానిని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకుంటే, ఆ హక్కు తిరిగి వస్తుంది. లైసెన్సుకు కూడా 30వ సెక్షను రాతకోతలు అడుగుతుంది, 30ఎ సెక్షను ఈ హద్దులను దానికీ వర్తింపజేస్తుంది. నా విషయంలో వాళ్ళు కాలమూ ప్రాంతమూ రాసేశారు కాబట్టి ఆ తలుపులు మూసుకున్నాయి. గడిలో పెట్టిన టిక్కు సంతకం అవుతుందా అన్నది వాదించదగిన మాటేనని, అయితే ఆరువందల రూపాయల టీషర్టు కోసం ఆ వాదన వినిపించడానికి నీ ఏడాది జీతం ఖర్చవుతుందని అన్న చెప్పాడు.

అయితే మిగిలింది ఒకటి ఉంది, అది విన్నాక నాకు ఊపిరి వచ్చింది. 57వ సెక్షను ప్రకారం, హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను పాడుచేస్తే అడిగే హక్కు కూడా. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు చేసి ఇచ్చిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసివేసి గోదాములో పడేస్తే, ఆయన వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పపు అవశేషాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రభుత్వం కొనుక్కున్న వస్తువు మీదనే శిల్పికి అంత హక్కు ఉన్నప్పుడు, నా పేరు మీద నది నీళ్ళు పూయడం గురించి అడిగే హక్కు నాకూ ఉన్నట్టే.

టీషర్టు అమ్మకం గురించి ఒక్క మాట కూడా లేకుండా, చిత్రకారుడిగా నా పేరు వేయమని మాత్రమే కోరుతూ, లేయర్లు విడివిడిగా ఉన్న అసలు ఫైలు వివరాలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. కొన్ని వారాలకు ఆ టీషర్టు వాళ్ళ దుకాణం పేజీలో కనిపించకుండా పోయింది. నా ఉత్తరం వల్లనా, సరుకు అయిపోవడం వల్లనా అన్నది నేను నిర్ధారించలేను. ఆ బొమ్మను అంతకు ముందే రిజిస్ట్రేషను చేయించి ఉంటే బాగుండేదా అని అడిగాను. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, గీసిన క్షణమే హక్కు పుడుతుంది. కానీ రిజిస్టరులోని నమోదు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. చిత్రానికి రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడేదైతే 2,000. అయితే కింది లేయరు ఇతరులదైన బొమ్మను మొత్తం నాదేనని నమోదు చేయించబోవడం కొరివితో తల గోక్కోవడమే.

కొన్ని సంస్థలు ఈ సంగతిని ముందుగానే తేల్చి రాస్తాయి, రాసిన తీరులో బుద్ధులు తెలుస్తాయి. మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటరు ఆట నిబంధనల్లో, మీరు సొంతంగా తయారుచేసిన మోడ్ (ఆటకు చేర్చే మార్పు) మీదే, అమ్ముకోకుండా ఏమైనా చేసుకోండి అన్న అర్థంలో ఉంటుంది. వార్‌క్రాఫ్ట్ మూడో ఆటకు అభిమాని కట్టిన మ్యాపు నుంచే డోటా అనే మరో ఆట పుట్టి, తరువాత మరొక సంస్థ చేతిలో పెద్ద వ్యాపారమైంది. ఆ దెబ్బ తిన్న వార్‌క్రాఫ్ట్ యజమాని బ్లిజార్డ్ 2020లో తన ఆటను కొత్తగా విడుదల చేసినప్పుడు, ఆటగాళ్ళు తయారుచేసే మ్యాపులన్నీ తమ సొత్తేనని రాసుకుంది. స్టార్ ట్రెక్ సీరియళ్ళ, సినిమాల యజమానులు, అభిమానులు చందాలతో తీయబోయిన పెద్ద చిత్రం మీద కేసు పెట్టాక, 2016లో అభిమానుల చిత్రాలకు నియమాలు ప్రకటించారు: ఒక కథకు 15 నిమిషాలు, రెండు భాగాలైతే మొత్తం 30 నిమిషాలు, చందాలు 50,000 డాలర్లకు మించకూడదు, నటులకు జీతం ఇవ్వకూడదు. చాలామంది అభిమానులు వాటిని తిట్టారు. నాకు మాత్రం హద్దు ఎక్కడుందో చెప్పే యజమాని, నవ్వుతూ ఊరుకుని తరువాత టీషర్టులు వేసుకునే యజమాని కన్నా మేలనిపిస్తాడు. తెలుగు సినిమా సంస్థలు ఇలాంటి కాగితం ఒక పేజీ, తెలుగులో, ప్రకటిస్తే మా పని ఎంతో సులువవుతుంది.

ఇక్కడ విషయానికి కొంచెం పక్కగా వెళ్ళినా ఒక మాట చెప్పాలని ఉంది. నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని ముట్టుకోకుండా, మా నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. ఆ మిగిలిన భాగాన్ని పూరించిన ఎర్రన, మా గుడ్లూరు వైపు వాడని చెబుతారు, దాన్ని తన ప్రభువుకు అంకితమివ్వకుండా, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. మూల రచయిత శైలిలో మొదలుపెట్టి, తెలియకుండా తన శైలిలోకి నడిపించిన ఆ పనిని మించిన అభిమాని రచన తెలుగులో లేదు. పేరు విషయంలో ఆయన చూపిన ఆ మర్యాదే నేను ఉత్తరంలో అడిగినది.

ఉదారమైన లైసెన్సులు మా పనిలో లేకపోలేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ, మల్లన్న అన్న పేర్లతో దొరికే యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వ్యాపారానికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదు, దానితో తయారైన బొమ్మ మీద ఎలాంటి షరతూ ఉండదు. తమ పనిని ఇతరులు వాడుకోవచ్చని చేసినవాళ్ళే ముందుగా ప్రకటించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు కూడా మంచివే గానీ, వాటిని అభిమానులు పొరపాటుగా వాడటం చూస్తుంటాను. నాది కాని లేయరుకు నేను లైసెన్సు ఇవ్వలేను. సినిమా పాత్రను గీసి ఎవరైనా వాడుకోవచ్చని రాస్తే, నా గీతలకు తప్ప ఆ మాట దేనికీ చెల్లదు. పైగా ఒకసారి ఇచ్చిన ఆ లైసెన్సును వెనక్కి తీసుకోలేం. అందువల్ల ఇప్పుడు గోపురాలు, పడవలు, పెన్న వంతెన, మైపాడు తీరం, ఇలాంటి నేపథ్యాలను విడి ఫైళ్ళుగా ముందు గీసి దాచుకుంటున్నాను. వాటిలో ఎవరి పోస్టరూ ఉండదు, పూర్తిగా నావి. హీరో వచ్చినప్పుడు వాటి ముందు నిలబడతాడు, వెళ్ళిపోయినప్పుడు గోపురం నా దగ్గరే ఉంటుంది.

పోయిన వారం కోవూరు నుంచి అభిమాన సంఘం కుర్రవాడు వచ్చాడు. పుట్టినరోజుకు కామన్ డీపీ, ఆరు ఫ్లెక్సులు కావాలన్నాడు. డబ్బు ఇవ్వబోతే, బొమ్మకు వద్దు, అచ్చు ఖర్చు షాపులో కట్టు అన్నాను. తరువాత ఒక కాగితం మీద, పోస్టరు ఆధారం సంస్థదని, నేపథ్యమూ అక్షరాలూ నావని, ఈ వేడుక ఫ్లెక్సులకూ డీపీకీ ఒక సంవత్సరం పాటు ఉచితంగా వాడుకోవచ్చని, అమ్మకానికి గానీ పోటీలకు గానీ పంపకూడదని, నా పేరు తీసివేయకూడదని రాసి సంతకం చేసి ఇచ్చాను. ఇంత చిన్న బొమ్మకు ఇంత కాగితమా అన్నా అని అతను నవ్వి, సంతకం చేసి, వెంటనే, కింద కుడి మూలన నాయకుడి ఫొటో రావాలి, మీ పేరు అక్కడి నుంచి తీసేయండి అన్నాడు. ఆ పేరును గోపురం మొదటి అంతస్తులోని రాతి గీతల మధ్యకు జరిపాను. కలశం మాత్రం ఈసారి కూడా ఒకటి తగ్గించే వేశాను.